విరూపణ్ణ లెక్క

మన గ్రౌండ్‌లో పెవిలియన్ వెనక గోడ మీద బొమ్మ ఉంది కదా, అందరూ చూసే ఉంటారు. నలుగురు రిలే రన్నర్లు, వాళ్ళకి పైన గాల్లో ఒక లాంగ్‌జంప్ అమ్మాయి, కుడిపక్క చివర ఒక కబడ్డీ రైడర్, అతని కాలు పట్టుకుని వేలాడుతున్న ఇద్దరు. నాలుగో రన్నర్‌కి మోకాళ్ళ కింద రంగు లేదు. ఉత్త గీత. అది మోడర్న్ ఆర్ట్ అనుకుని దాని ముందు నిలబడి ఫోటోలు దిగినవాళ్ళు కూడా ఉన్నారు. మోడర్న్ ఆర్ట్ కాదు, డబ్బులైపోయాయి. ఆ డబ్బులకి ట్రెజరర్‌ని నేనే.

ఈ సంచికకి మీ మీ ఊళ్ళ వైపు పేరున్న పాతకాలపు మనిషి ఎవరి జీవితకథైనా రాయండి అని క్లబ్ వాళ్ళు అడిగినప్పుడు నాకు ఇంకో పేరు తట్టలేదు. మాది నల్లమాడ. మా దిక్కున, పెనుకొండ, హిందూపురం, ధర్మవరం వైపు, చిన్నపిల్లాణ్ణి అడిగినా చెప్పే పేరు విరూపణ్ణ. లేపాక్షి గుడి కట్టించినవాడు. పెనుకొండలో విజయనగర రాజుల ఖజానా చూసిన అధికారి. అంటే ఆయనా ట్రెజరరే. ఒక ట్రెజరర్ గురించి ఇంకో ట్రెజరర్ రాస్తున్నాడు అనుకుని చదవండి. కొలతల్లో తేడా ఉంది, ఒప్పుకుంటా.

ముందు నా సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తా, లేకపోతే మధ్యమధ్యలో అడ్డం వస్తా ఉంటుంది. పోయిన ఏడాది స్పోర్ట్స్ మీట్‌కి గోడ మీద బొమ్మ వేయించాలన్నది నా ఆలోచనే. వేసింది నా రూమ్మేట్. బడ్జెట్‌లో బొమ్మకి రాసుకున్నది 3,000 రూపాయలు. గోడ గీకించి ప్రైమర్ కొట్టేసరికే సగం పోయింది. మిగతాదానికి ఫస్ట్‌ఎయిడ్, నెట్‌ల పద్దులోంచి 4,800 తీసి రంగులకి పెట్టాను. ఎవరినీ అడగలేదు. మీట్ అయ్యాక సర్దొచ్చులే అనుకున్నా. రెండో రోజు లాంగ్‌జంప్ పిట్‌లో ఒక జూనియర్ అమ్మాయికి మడమ మడతపడింది. పెట్టె తెరిస్తే దూది, అయోడిన్ తప్ప ఏమీ లేవు. ఒకడు బండి మీద గేటు బయటి మెడికల్ షాపుకి పోయి క్రేప్ బ్యాండేజీ తెచ్చేదాకా ఆ పాప గోడకి ఆనుకుని కూర్చుంది. ఏ గోడకో చెప్పక్కర్లేదు. ఆ సాయంత్రం నుంచి గ్రూపులో నా పేరు పక్కన కనపడిన మాట ఒకటే. తిన్నాడు.

సెలవుల్లో ఊరికి పోయినప్పుడు ఇదంతా మా అవ్వకి చెప్పాను. అవ్వ తిట్టలేదు. పొయ్యి దగ్గర కూర్చుని రాగిసంగటి కెలుకుతా, చిన్నప్పటి నుంచి వందసార్లు విన్న విరూపణ్ణ కథ మళ్ళీ మొదలుపెట్టింది.

మా వైపు చెప్పుకునే కథ ఇది. రాయలవారు దండు తీసుకుని దూరదేశం పోయినాడు. ఖజానా తాళాలు విరూపణ్ణ దగ్గర ఉన్నాయి. లేపాక్షిలో కూర్మశైలమని తాబేలు వీపులాంటి గుట్ట ఉంది. దాని మీద వీరభద్రుడికి గుడి మొదలుపెట్టాడు. ఒక మండపం అనుకున్నది రెండయింది, రెండు మూడయ్యాయి. రాజు తిరిగొచ్చేసరికి అంతా అయింది, కల్యాణమండపం ఒక్కటే సగంలో ఉంది. ఖజానా ఖాళీ. గిట్టనివాళ్ళు రాజు చెవిలో వేశారు. కళ్ళు పీకేయమని ఆజ్ఞ అయింది. ఆ పని ఇంకొకరితో చేయించుకోవడం ఎందుకని విరూపణ్ణే తన రెండు కళ్ళూ పెరికి గోడకేసి కొట్టాడు. కల్యాణమండపం పక్కన గోడ మీద రెండు ఎర్రమరకలు ఇప్పటికీ ఉన్నాయి. లేప అంటే పూత, అక్షి అంటే కన్ను, అందుకే ఆ ఊరు లేపాక్షి అయింది అంటారు.

అవ్వ కథ ఆపి సంగటి ముద్ద చేసి పెట్టింది. తింటా ఉంటే నాకు ఒకటి తట్టింది. ఇన్నిసార్లు విన్నాను గానీ, ఈ కథలో ఎవరూ, రాజు గానీ గిట్టనివాళ్ళు గానీ, విరూపణ్ణ తిన్నాడు అనరు. ఖర్చుపెట్టాడు అనే అంటారు. మరుసటి రోజు పొద్దున్నే బస్సెక్కాను. బుక్కపట్నం, కొత్తచెరువు మీదుగా పెనుకొండ, అక్కణ్ణుంచి హిందూపురం, హిందూపురంలో దిగి లేపాక్షికి ఇంకో బస్సు.

పెనుకొండలో బస్సు మారేటప్పుడు టీ తాగుతా కొండ వైపు చూశాను. పైన కోట గోడలు కనపడతాయి. ఇప్పుడు చూస్తే మామూలు ఊరే. విజయనగరం రోజుల్లో మాత్రం ఇది ఒక రాజ్యానికి ముఖ్యపట్టణం. రాజ్యం అంటే అప్పటి లెక్కలో సామ్రాజ్యంలో ఒక పెద్ద భాగం, ఇప్పటి రాష్ట్రం లాంటిది అనుకోవచ్చు. 1565లో తళ్ళికోట యుద్ధంలో ఓడి హంపి పాడుపడ్డాక రాజధానే పెనుకొండకి వచ్చేసింది. విరూపణ్ణ దానికి ఒక తరం ముందువాడు.

ఆయన తండ్రి పేరు నంది లక్కిసెట్టి, తల్లి ముద్దమాంబ, తమ్ముడు వీరణ్ణ. సెట్టి అన్న పేరే చెబుతుంది, వ్యాపారుల ఇల్లు. ఇద్దరు కొడుకుల్లో ఒకరికి హంపి విరూపాక్షుడి పేరు, ఇంకొకరికి వీరభద్రుడి పేరు పెట్టుకున్నట్టుంది. కత్తిపట్టిన వంశం కాదు, తూకాలూ చిట్టాలూ తెలిసిన వంశం. అలాంటి ఇంటి పిల్లవాడు పెనుకొండ లాంటి చోట ఖజానా చూసే స్థాయికి వచ్చాడంటే కుర్చీ ఊరికే రాలేదని నా నమ్మకం. విజయనగరంలో పన్నులన్నీ మూటకట్టి హంపికి పంపేసే పద్ధతి లేదు. నాయకులూ అధికారులూ తమ కింద ఉన్న భూముల ఆదాయం వసూలు చేసుకుని, అందులో రాజుకి ఇవ్వాల్సింది ఇచ్చి, సైన్యాన్ని పోషించి, చెరువులూ గుళ్ళూ చూసుకోవాలి. ఎంత చేతిలో ఉంచుకోవచ్చు, ఎంత పంపాలి అన్నదే అసలు పరీక్ష. మన ఫెస్ట్ కమిటీలో ఉన్నవాళ్ళకి ఈ బాధ అర్థమవుతుంది.

శ్రీకృష్ణదేవరాయలు 1529లో పోయాడు. తమ్ముడు అచ్యుతరాయలు గద్దెక్కి 1542 దాకా ఏలాడు. ఎక్కడమే గొడవతో ఎక్కాడు. అవతల అళియ రామరాయలు కృష్ణరాయల పసికొడుకుని కూర్చోబెట్టి తాను చక్రం తిప్పాలని చూశాడు. ఇంకో పక్క దక్షిణాన చెల్లప్ప అనే సాళువ నాయకుడు ఎదురుతిరిగాడు. 1530ల మొదట్లో అచ్యుతరాయలు దండు తీసుకుని అటు పోయాడు. కాబట్టి రాజు ఊళ్ళో లేడు అన్న మా అవ్వ కథలోని ముక్క గాలిమాట కాదు. న్యూనిజ్ అని ఒక పోర్చుగీసు గుర్రాల వ్యాపారి ఆ రోజుల్లోనే విజయనగరంలో ఉండి రాజ్యం గురించి పెద్ద వివరణ రాశాడు. అచ్యుతరాయల మీద ఆయనకి ఏమంత మంచి అభిప్రాయం లేదు. ఇంత అనుమానాల మధ్య ఉన్న రాజు దగ్గర, ఒక సెట్టి ఇంటి అన్నదమ్ములు గుట్ట మీద గుడి లేపుతున్నారు. దర్బారులో చెవులు కొరుక్కునేవాళ్ళు లేకుండా ఉంటారా?

లేపాక్షిలో దిగితే ముందు కనపడేది నంది. ఒకే రాయి, 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు. దాన్ని దాటి కొంచెం నడిస్తే గుడి. గుడి గోడల మీద శాసనాలు కన్నడ లిపిలో ఉంటాయి. మా వైపు ఇది వింతేం కాదు, ఇప్పటికీ మా సంతల్లో రెండు భాషలూ నడుస్తాయి. అచ్యుతరాయల ఏలుబడిలో, 1530లలో, చెక్కించినవి. వాటిలో ఉండేది దేవుడికి ఇచ్చిన ఊళ్ళు, భూములు, దీపానికీ నైవేద్యానికీ ఏర్పాట్లు, ఇచ్చినవాళ్ళ పేర్లు. విరూపణ్ణ పేరు గౌరవంగానే ఉంటుంది. శిక్ష మాట లేదు. ఇంకో సంగతి. ఆయన బతికుండగా చెక్కిన రాతల్లోనే ఊరి పేరు లేపాక్షి. అంటే ఆ పేరు ఆయన కళ్ళతో వచ్చింది కాదు, ముందు నుంచే ఉంది. రెక్కలు తెగి పడిన జటాయువుని రాముడు లే పక్షీ అన్నాడు కాబట్టి లేపాక్షి అని ఇంకో కథ ఉంది. అది ఇంకా పాతకాలానికి పోతుంది, దాంతో నాకు పేచీ లేదు.

శాసనాల్లో ఖర్చు లెక్క మాత్రం లేదు. ఎంతమంది శిల్పులు, ఎన్నేళ్ళు, కూలీ ఎంత, ఏదీ లేదు. కల్యాణమండపం దగ్గర నేలరాతిలో గుండ్రంగా తళ్ళెల్లాగా చెక్కినవి కొన్ని ఉన్నాయి. పనివాళ్ళు అన్నం తిన్న తళ్ళెలని కొందరు, చిత్రకారులు రంగులు కలుపుకున్న గిన్నెలని కొందరు చెబుతారు. నేను మాత్రం వాటిని బిల్లుల్లాగా చూశాను. ఆ గుట్ట మీద మిగిలిన ఖర్చు ఆధారం అదొక్కటే.

ఇక వేలాడే స్తంభం గురించి రాయకపోతే సివిల్ వాళ్ళు ఊరుకోరు. సుమారు 70 స్తంభాలున్న మండపంలో ఒక స్తంభం అడుగు నేలకి పూర్తిగా ఆనదు. బ్రిటిష్ కాలంలో ఒక ఇంజనీరు దాన్ని కదిపి రహస్యం తెలుసుకోబోయాడని చెబుతారు. వచ్చిన ప్రతివాడూ దాని కింద గుడ్డ పెట్టి ఇటు నుంచి అటు లాగుతాడు. నేనూ కర్చీఫ్ పెట్టి లాగాను. వచ్చింది. పక్కనే ఉన్న స్కూలు పిల్లలు చప్పట్లు కొట్టారు. గుంపంతా వంగి ఆ స్తంభం అడుగు చూస్తా ఉంటే నేను నడుం పట్టేసి నిలబడి తల పైకెత్తాను. అక్కడ ఉన్నాడు విరూపణ్ణ కట్టించింది చూడమని పిలిచే అసలు సాక్షి. సీలింగ్.

సీలింగంతా బొమ్మలే. సున్నం పూత మీద ఎర్రమట్టి రంగు, పసుపు, ఆకుపచ్చ, తెలుపు, నలుపు. ముందు గీతలు గీసి తరవాత రంగు నింపారు. ఒక్కో కథ ఒక్కో పొడవాటి పట్టీలాగా మండపం ఈ చివర నుంచి ఆ చివరకి సాగుతుంది. పార్వతి పెళ్ళి, ద్రౌపదీ స్వయంవరం, కిరాతార్జునీయం, మనునీతి చోళుడి కథ. లోపల అర్ధమండపం కప్పు మీద వీరభద్రుడి బొమ్మ ఒక్కటే సుమారు 24 అడుగులకి 14 అడుగులు. చీరల అంచులు చూస్తే మా ధర్మవరం మగ్గాలవాళ్ళు ఇప్పటికీ ఎందుకు ఇక్కడికి వస్తారో తెలుస్తుంది. లేపాక్షి డిజైన్లని అడిగి మరీ నేయించుకునేవాళ్ళున్నారు.

నేను ఎక్కువసేపు నిలబడింది కిరాతార్జునీయం కింద. కథ తెలిసిందే. అర్జునుడు పాశుపతం కోసం తపస్సు చేస్తుంటే ఒక పంది మీదికి ఉరుకుతుంది. అర్జునుడు ఒక బాణం వేస్తాడు, అదే క్షణంలో వేటగాడి వేషంలో ఉన్న శివుడు ఇంకో బాణం వేస్తాడు. పంది నాదంటే నాదని ఇద్దరూ తలపడతారు. ముట్టె ముందుకి పెట్టి ఉరికే పంది, వంగిన నడుములు, లాగిన విల్లు, ఎగిరే గుడ్డల కొసలు. అక్కడ నాకు మా గోడ గుర్తొచ్చింది.

మా రూమ్మేట్ పడిన కష్టం నేను దగ్గరుండి చూశాను. రన్నర్లని ఫోన్‌లో ఫోటోలు తీసి, వాటిని చూసి గీశాడు. కొలతలన్నీ సరిగ్గానే వచ్చాయి. కానీ గోడ మీద వాళ్ళు పరిగెత్తలేదు. ఒంటికాలి మీద నిలబడి బస్సు కోసం చూస్తున్నట్టు ఉన్నారు. వెనకాల దుమ్ము వేశాడు, కార్టూన్లలో లాగా స్పీడ్ గీతలు వేశాడు, తుడిచేశాడు. ఫోటో అనేది కదలికని ఆపేసే యంత్రం. 1878లో అమెరికాలో మైబ్రిడ్జ్ అనే ఫోటోగ్రాఫర్ వరసగా కెమెరాలు పెట్టి దౌడు తీసే గుర్రాన్ని ముక్కలు ముక్కలుగా పట్టాడు. నాలుగు కాళ్ళూ ఒకేసారి గాల్లో ఉండే క్షణం ఉందని, అది కూడా కాళ్ళు కడుపు కిందికి ముడుచుకున్నప్పుడని తేలింది. అంతకు ముందు చిత్రకారులు ముందుకాళ్ళు ముందుకీ, వెనకకాళ్ళు వెనక్కీ చాచి గుర్రాన్ని గాల్లో తేల్చేవాళ్ళు. 1821లో జెరికో అనే ఫ్రెంచి చిత్రకారుడు వేసిన ఎప్సమ్ రేసు గుర్రాలు అలాగే ఉంటాయి. శాస్త్రం ప్రకారం తప్పు. కానీ ఆ బొమ్మలో గుర్రాలు ఉరుకుతాయి, మైబ్రిడ్జ్ ఒక్క ఫోటో విడిగా తీసి చూస్తే గుర్రం బిగుసుకుపోయి ఉంటుంది.

లేపాక్షి చిత్రకారులకి కెమెరా గొడవ లేదు. ముఖాలు చాలావరకు పక్కనుంచే, కళ్ళు మాత్రం పెద్దవి. నీడ లేదు, దూరం దగ్గర తేడా లేదు, వెనకాల కొండలూ ఆకాశం వేసి ఊరించడం లేదు, ఎర్రటి చదును మీద మనుషులు. మరి కదలిక ఎక్కడిది? నాకు తోచింది చెబుతా. పట్టీ పొడవుగా ఉంది కాబట్టి ఒకచోట నిలబడి మొత్తం చూడలేం. తల ఎత్తి, మెడ వంచి, బొమ్మతో పాటు నడవాలి. పాదాలన్నీ ఒకే దిక్కుకి తిరిగి ఉంటే మన పాదాలు కూడా అటే పోతాయి. బొమ్మలో ఉన్నవాళ్ళు కదిలారో లేదో గానీ నేను కదిలాను. స్వయంవరం దగ్గర అర్జునుడు చేపని కొట్టే చోటికి వచ్చేసరికి నాకే తెలియకుండా ఆగి ఊపిరి బిగపట్టాను. మా గోడ బొమ్మలో లోపం కాళ్ళలో లేదని అప్పుడు తెలిసింది. నలుగురినీ పక్కపక్కన ఒక చదరంలో ఇరికించాం. వాళ్ళకి ముందు ఖాళీ గోడ వదిలి ఉంటే సగం రంగు మిగిలేది కూడా.

ఇంకా బాగా చూడాలని ఒక స్తంభం పక్కన బ్యాగు తలకింద పెట్టుకుని వెల్లకిలా పడుకున్నా. రెండు నిమిషాల్లో వాచ్‌మన్ వచ్చి లే లే అన్నాడు. రాముడంత మర్యాదగా చెప్పలేదు.

లేచి నిలబడ్డాక కనపడ్డారు అన్నదమ్ములు. విరూపణ్ణ, వీరణ్ణ, వెనక పరివారం. తలమీద పొడుగ్గా నిలబడిన కుళ్ళాయిలు, మెళ్ళో ఆభరణాలు, పూజారి దగ్గర ప్రసాదం అందుకోవడానికి వంగిన చేతులు. తిరుమలలో కృష్ణదేవరాయల విగ్రహం మీద ఉండేలాంటి కుళ్ళాయే. రాజుల ముస్తాబు ఒక సెట్టి కొడుకు మీద ఉంది, అదీ తన డబ్బుతో, లేదా తన చేతి మీదుగా పోయిన డబ్బుతో కట్టిన గుడిలో. గిట్టనివాళ్ళ చెవి కొరుకుడికి ఈ ఒక్క బొమ్మ చాలు అనిపించింది. ఆయన్ని పూర్తిగా వెనకేసుకురావాలని నేను రాయడం లేదు. తన బొమ్మ వేయించుకున్నాడు, తమ్ముడి బొమ్మ వేయించాడు, బొమ్మలు వేసినవాళ్ళకి మాత్రం కప్పు మీద చోటు లేదు. ఆ చేతుల పేర్లు మనకి మిగల్లేదు. మా రూమ్మేట్ కూడా గోడ మీద సంతకం పెట్టలేదు, మూల మీద స్పోర్ట్స్ కమిటీ అని మాత్రం పెద్ద అక్షరాలు ఉన్నాయి. అవి రాయించింది నేనే.

ఆ బొమ్మలో విరూపణ్ణకి కళ్ళున్నాయి. పెద్దవి, తెరుచుకుని, ముందున్న దేవుడి వైపు. కథ నిజమైతే ఈ కళ్ళు తరవాత పోయినవి, కథ అబద్ధమైతే ఎప్పుడూ పోనివి. ఎలా చూసినా దాదాపు 500 ఏళ్ళుగా తెరిచే ఉన్నాయి.

ఆయనకి దగ్గర్లోనే మనునీతి చోళుడి కథ ఉండటం నాకు ఇంకా వింతగా అనిపించింది. చోళరాజు కొడుకు రథం కింద ఒక దూడ పడి చచ్చిపోతుంది. తల్లి ఆవు వచ్చి న్యాయగంట కొడుతుంది. రాజు ఇంకేం ఆలోచించకుండా కొడుకుని అదే రథచక్రం కింద తొక్కించమంటాడు. చివరికి శివుడు వచ్చి ఇద్దరినీ బతికిస్తాడు. ఈ కథ అందరికీ ఒకటే న్యాయం అని చెప్పే కథ. సొంత కొడుకునే వదలని రాజు, ఖజానా అధికారిని వదులుతాడా? రాజు డబ్బు గుటుక్కున మింగినవాడు తన నెత్తి మీద ఈ బొమ్మ వేయిస్తాడని నేను అనుకోను. లెక్క అడుగుతారని తెలిసినవాడే, అడిగితే చెప్పగలను అనుకున్నవాడే వేయిస్తాడు. ఇది చరిత్రకారులు ఒప్పుకునే ఆధారం కాదు. ఒక ట్రెజరర్ అభిప్రాయం.

అయినా నాకు అవ్వ కథని అబద్ధం అని తీసేయడం ఇష్టం లేదు. శాసనాలు చూస్తే శిక్ష పడినట్టు లేదు, నిజమే. పెద్ద గుడి ఎదురుగా ఉంది, కల్యాణమండపం మాత్రం కప్పులేకుండా మిగిలింది. చూసేవాడికి ఒక ప్రశ్న వస్తుంది. ఇంత డబ్బు ఎక్కడిది, ఎందుకు ఆగింది? ఆ ప్రశ్నకి ఊళ్ళు చెప్పుకున్న జవాబు ఈ కథ. పన్ను కట్టినవాళ్ళు రైతులు, నేతగాళ్ళు. వాళ్ళ మనవలు, మునిమనవలు ఇది చెబుతున్నారు. గుడి బాగుంది అంటారు, దండం పెడతారు, మరకలు కూడా చూపిస్తారు. విరూపణ్ణని దొంగ అనరు, అడక్కుండా పెట్టాడన్న సంగతీ మరిచిపోరు.

కల్యాణమండపం దగ్గరికి పోయి ఆ మరకలు చూశాను. గోడ మీద మన ఎత్తుకి దగ్గర్లో, తుప్పు రంగులో రెండు మచ్చలు. రాయిలో ఇనుము ఉంటే అలాగే వస్తుంది అని తరవాత మా సివిల్ ఫ్రెండ్ అన్నాడు. కావచ్చు. ఒక పెద్దాయన మనవడిని ఎత్తుకుని వాటిని ముట్టించాడు. పిల్లవాడు వేలు చూసుకున్నాడు, ఎర్రగా అయిందేమో అని. నా చేతికి మాత్రం జూనియర్ మడమ గుర్తొచ్చింది, ఎందుకో చెప్పలేను.

సీలింగ్ పరిస్థితి కూడా చెప్పాలి. చాలాచోట్ల పూత రాలిపోయింది. నీళ్ళు దిగిన చోట రంగు చెదిరింది, కొన్నిచోట్ల మనిషి మొండెం ఉండి ముఖం లేదు. భారత పురావస్తు శాఖ చూసుకుంటోంది. 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాలో లేపాక్షి చేరింది. మొన్నమొన్నటి దాకా అనంతపురం జిల్లా అనేవాళ్ళం, అదే ఏడాది శ్రీ సత్యసాయి జిల్లా అయింది. ప్రభుత్వ హస్తకళల దుకాణాలకి ప్రతి పట్నంలో లేపాక్షి అనే పేరు. లోపలికి పోయి కొండపల్లి బొమ్మ కొనేవాళ్ళలో విరూపణ్ణ ఎవరో ఎందరికి తెలుసు? వెళితే మధ్యాహ్నం లోపల వెళ్ళండి, ఫ్లాష్ కొట్టకండి, వేలాడే స్తంభం దగ్గర ఐదు నిమిషాలకంటే ఆగకండి. మెడ నొప్పికి బామ్ తీసుకుపోండి. ఫస్ట్‌ఎయిడ్ విషయంలో నేను ఇప్పుడు జాగ్రత్త మనిషిని.

తిరిగొచ్చేటప్పుడు హిందూపురం బస్సులో నోట్‌బుక్ తీసి లెక్క రాశాను. ప్రైమర్, ఎమల్షన్, బ్రష్షులు, నిచ్చెన అద్దె, గోడ గీకిన మనిషి కూలీ, మా రూమ్మేట్ రాత్రుళ్ళు తాగిన టీలు. నాలుగు రంగు డబ్బాలకి బిల్లులు దొరకలేదు, దొరకలేదనే రాశాను. అడగకుండా మళ్ళించినది 4,800 అని విడిగా ఒక గీత గీసి రాశాను. కాలేజీ తెరిచాక ఆ కాగితం కమిటీకి ఇచ్చాను. కొందరు సర్లే అన్నారు, కొందరు ఇప్పటికీ తిన్నాడనే అంటున్నారు. నెలకి 800 చొప్పున ఆరు నెలల్లో తిరిగి కట్టమన్నారు. నాలుగు నెలలు కట్టాను. మడమ మడతపడిన అమ్మాయి ఈ ఏడాది మళ్ళీ దూకింది. గోడ మీద లాంగ్‌జంప్ బొమ్మ తనలాగా లేదని, చేతులు అలా పెడితే ఎవరూ అంత దూరం పోరని నాకు మొహం మీదే చెప్పింది.

నాలుగో రన్నర్ కాళ్ళు పూర్తి చేయాలని ఈ సెమిస్టర్ కమిటీ అనుకుంటోంది. మా రూమ్మేట్ ఒప్పుకున్నాడు, ఈసారి పేరు రాసుకుంటానని షరతు పెట్టాడు. అరలీటరు గోధుమరంగు, పావులీటరు నలుపు, ఒక సన్న బ్రష్షు, మొత్తం 640 రూపాయలు. ముందుగా అడిగాను, సంతకం పెట్టారు. ఆ బిల్లు ఫోటో ఈ వ్యాసం కింద వేయమని ఎడిటర్ అక్కని అడిగితే పత్రికలో అలాంటివి వేయం అంది. నా దగ్గరే ఉంది, కావాల్సినవాళ్ళు హాస్టల్ గదికి వచ్చి చూసుకోవచ్చు.